చక్రాలకి చింతపండు

నాకు కోపం ఎక్కువని మావాళ్ళందరూ అంటారు. అననీండి. నేను కోప్పడితే దానికి ఒక కారణం ఉంటుందని, ఆ కారణం ఎప్పుడూ అవతలివాళ్ళ దగ్గరే ఉంటుందని మొన్న నవంబరు దాకా నాకు గట్టి నమ్మకం. మా అక్క సుభద్రతో తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. కారణం ఉంది. కూతురి పెళ్ళికి సొంత చెల్లెల్ని బొట్టు పెట్టి పిలవాలా వద్దా? కాకినాడ నుంచి ఢిల్లీ దాకా రాలేకపోతే పోనీ, చేత్తో రెండు ముక్కలైనా రాయాలా వద్దా? ఊరందరికీ పంపినట్టు నాకూ ఒక అచ్చు శుభలేఖ పోస్టులో పడేసింది. నేను పెళ్ళికి వెళ్ళలేదు. తరవాత తను ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు.

మా ఆయన రామమూర్తి గారికి అసలు కోపం రాదు. అదే నాకు కోపం. కేంద్ర ప్రభుత్వంలో గుమాస్తాగా చేరి అండర్ సెక్రటరీగా రిటైరయ్యారు. సరోజినీ నగర్ క్వార్టర్లో ఇరవై ఏళ్ళున్నాం, ఇప్పుడు మయూర్ విహార్‌లో సొంత ఫ్లాటు. ఆఫీసు ఆయన్ని వదిలింది కానీ ఆయన ఆఫీసుని వదల్లేదు. ఇంట్లోకి ఏ కాగితం వచ్చినా, అది గ్యాసు రసీదైనా పెళ్ళి శుభలేఖైనా, దానికి చిల్లు పొడవాలి, ట్యాగు కట్టాలి, పేజీ నంబరు వెయ్యాలి. మూల మీద ఇంగ్లీషులో ‘సీన్’ అని రాసి, అంటే చూశానని, కింద పొట్టి సంతకం గిలికి, తారీఖు వెయ్యాలి. అప్పుడు గానీ ఆయనకి అన్నం సయించదు. ఫైల్లోకి వెళ్ళిన కాగితం సంగతి ఆయన లెక్కలో తేలిపోయినట్టే. ఇక దాన్ని గురించి ఎవరికీ చెప్పనక్కర్లేదు.

నవంబరు రెండో శనివారం పొద్దున్నే మేమిద్దరం ఫరీదాబాద్ బయల్దేరింది పోట్లాటకి. బయల్దేరదీసింది నేనే. ఆయన్ని వదిలేస్తే ఇంట్లో కూర్చుని ఒక ఫిర్యాదు రాసి, దాని నకలు ఫైల్లో పెట్టి, హాయిగా పడుకునేవారు.

గొడవ కారు చక్రాల గురించి. ఆ కారు నా పేరు మీద ఉంది. ఇంకో ఏడాదికి రిటైరవుతారనగా కొన్నారు, ఆఫీసులో లేనిపోని ప్రశ్నలెందుకని నా పేరు రాయించారు. పేరు నాది, తాళంచెవి ఆయనది. దానికి ఉన్నవి అల్యూమినియం చక్రాలు. కొన్న కొత్తలో తళతళలాడేవి. ఎనిమిదేళ్ళ ఢిల్లీ దుమ్మూ, ఫుట్‌పాత్ రాళ్ళ గీరుడూ, మా ఆయన పార్కింగు నేర్పూ కలిసి వాటిని మాడిన మూకుళ్ళలా చేసి పెట్టాయి. పైపూత పొరలు పొరలుగా లేచిపోయింది.

ఆయన మోకాలి ఆపరేషన్ అప్పుడు ఆస్పత్రిలో జయకుమారి అని ఒక నర్సు ఉండేది. భీమవరం వైపు అమ్మాయి, మంచి పిల్ల. వాళ్ళాయన సాలొమోను ఫరీదాబాద్‌లో ఒక షెడ్డులో పాత చక్రాలు కొత్తవి చేస్తాడని చెప్పింది. సెప్టెంబరు మొదట్లో మా ఆయన కారు తీసుకెళ్ళి అతనికి అప్పగించారు. మూడు రోజుల తరవాత తీసుకొచ్చారు. నేను చూసి నిర్ఘాంతపోయాను. గీరిన జాడ ఎక్కడా లేదు. చక్రం ముఖమంతా లేత్ మిషను మీద తిప్పి కోసిన సన్నటి గీతలు, ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని. ఎండ పడితే ఆ వెలుగు చక్రం చుట్టూ తిరిగేది. నేను వెంటనే జయకుమారికి ఫోన్ చేసి, మీ ఆయన చేతులకి దండం పెట్టాలమ్మా అన్నాను. ఆ మాట అన్నది కూడా ఈ నోరే.

ఆ మెరుపు నిలబెట్టాలని నాకు పంతం పట్టుకుంది. మా సొసైటీలో కార్లు తుడిచే మనిషి ఒక్క మురికి గుడ్డతో పది కార్లు తుడుస్తాడు. నా చక్రాలు ముట్టుకుంటే మర్యాద దక్కదని అతనికి చెప్పేశాను. ప్రతి గురువారం సాయంత్రం నేను పూజ సామాను తోముతాను. మా ఇంట్లో ఇత్తడి కుందులు చూసి బంగారమా అని అడిగినవాళ్ళున్నారు. నానేసిన చింతపండు ఎప్పుడూ కాస్త మిగులుతుంది. ఆ మిగిలిందాన్నీ, గుప్పెడు కల్లుప్పునీ, కొబ్బరి పీచునీ పట్టుకుని కిందికి దిగి నాలుగు చక్రాలూ తోమేదాన్ని. దసరాకి కారుకి పూజ చేసి చక్రాలకి పసుపూ గంధం పెట్టాను. ఆ మరకలు పోవడానికి మర్నాడు ఇంకా గట్టిగా తోమాను. పక్క బ్లాకు పంజాబీ ఆవిడ ఆగి మరీ, “ఆంటీజీ, క్యా చమక్ హై!” అంది. మా ఆయన బాల్కనీలోంచి పేపరు పట్టుకుని చూస్తూ, పర్వాలేదే, మెరుస్తున్నాయి అన్నారు.

దీపావళి నాటికి చక్రాల మీద తెల్లటి జాడలు కనిపించాయి. పూత పైన కాదు, కింద. పురుగులు పాకినట్టు వంకరటింకరగా. తుడిస్తే పోవు, గోకితే పోవు. నవంబరు వచ్చేసరికి నాలుగు చక్రాలకీ పాకాయి, అక్కడక్కడ పూత ఉబ్బి రేకులుగా లేచింది. నాకు ఒళ్ళు మండిపోయింది. మనవాడు కదా అని నమ్మి ఇస్తే నాసిరకం పూత పూసి మోసం చేశాడు. అందులో నాకు అనుమానం లేదు.

కాళింది కుంజ్ దాటి ఫరీదాబాద్ చేరేదాకా ఏమేం అనాలో మనసులో వరస పెట్టుకున్నాను. కళ్ళు మండే పొగ. మా ఆయన చంకలో కారు కాగితాల ఫైలు పెట్టుకునే కారు నడిపారు, నిజంగానే.

షెడ్డు యజమాని రఘువీర్ అక్కడివాడే, భారీ మనిషి, గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని ఫోన్లో మాట్లాడుతున్నాడు. లోపల చక్రాలు గుట్టలుగా పడున్నాయి. ఒక మూల పూత కాల్చే పెద్ద పొయ్యి, ఇంకో మూల లేత్. లేత్ ముందు నిలబడ్డాడు సాలొమోను. యాభై దాటిన మనిషి. మోచేతుల దాకా వెండిరంగు పొడి, ముక్కుకి కట్టుకున్న గుడ్డ గడ్డం కిందికి లాగి ఉంది. మమ్మల్ని చూసి లేత్ ఆపి, నమస్కారం పెట్టాడు.

నేను నమస్కారం తీసుకోలేదు.

“ఏమయ్యా, ఇదేనా నీ పనితనం? రెండు నెలలకే కుష్ఠు పట్టినట్టయ్యాయి మా చక్రాలు. మీ ఆవిడ మొహం చూసి ఇచ్చాం, లేకపోతే ఢిల్లీలో షెడ్డులే కరువా?”

“ఏవైందమ్మా? ఒకసారి చూడనీండి.”

“చూడ్డానికేముంది? నువ్వు పూసిన గంజి నీళ్ళు నీకు తెలీవూ? ఆదివారం ఆదివారం చర్చికెళ్ళి పాటలు పాడితే చాలదు, సాలొమోనూ. చేసే పనిలో నిజాయితీ ఉండాలి.”

అతని మొహం ఒక్కసారి గట్టిపడింది.  టార్చీ తీసుకుని కారు దగ్గరికి వెళ్ళి, ముందు చక్రం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అన్నందుకు నాకు అప్పుడు బాధ లేదు. బాగా తగిలిందని సంతోషంగానే ఉంది.

నా గొంతుకి రఘువీర్ ఫోన్ పెట్టేసి లేచి వచ్చాడు. మా ఆయన ఆఫీసు హిందీలో, ఒకటి, రెండు, మూడు అంటూ విషయం వివరించారు. మా సొసైటీ సంఘానికి తనే కార్యదర్శినని, మూడొందల కార్లవాళ్ళున్న వాట్సాప్ గ్రూపులో ఈ విషయం రాయాల్సొస్తుందని కూడా చెప్పారు. రఘువీర్ అంతా విని సాలొమోను వైపు తిరిగాడు.

“పోయిన నెల కూడా ఒకటి వెనక్కొచ్చింది. అప్పుడే చెప్పానా లేదా? ఇంకొకటి వస్తే నీ సామాను సర్దుకోమని?”

సాలొమోను చక్రం మీంచి తల ఎత్తకుండానే హిందీలో జవాబు చెప్పాడు. “అది పొయ్యిలోంచి తొందరగా తీయించింది మీరు, సేఠ్‌జీ.”

“మళ్ళీ ఎదురు మాట!” రఘువీర్ మా ఆయనకి చేతులు జోడించాడు. “సర్‌జీ, ఆప్ లిఖ్ కే దే దో. ఇస్ కీ ఆజ్ హీ ఛుట్టీ.” మీరు రాసివ్వండి, వీణ్ణి ఇవాళే పంపించేస్తాను, చక్రాలు ఇంకో మనిషి చేత ఊరికే చేయిస్తాను, గ్రూపులో మాత్రం ఏమీ రాయకండి. ఇదీ అతని బేరం.

రాసివ్వండి అన్న మాట వినగానే మా ఆయన మొహం వెలిగిపోయింది. కుర్చీ లాక్కుని, ఫైల్లోంచి తెల్లకాగితం తీసి, ఇంగ్లీషులో విషయం, సూచిక అని మొదలుపెట్టారు.

సాలొమోను లేచి నిలబడ్డాడు. “సార్, రాసే ముందు నా మాట ఒకటి వినండి. పదహారేళ్ళ నించి ఈ లేత్ మీదున్నాను. ఈ చుట్టుపక్కల చక్రం కోసే లేత్ ఇంకోటి లేదు. ఇక్కణ్ణించి పొమ్మంటే ఈ వయసులో ఏ బండి కింద కూర్చోనండి? రోడ్డు పక్కన చక్రాలకి డబ్బాలో సిల్వర్ పెయింటు కొట్టుకోవాలి, అంతే.”

“అది నువ్వు పని చేసేటప్పుడు ఆలోచించుకోవాల్సింది,” అన్నాను నేను.

అతను నన్ను చూశాడు. మళ్ళీ కూర్చుని, చక్రం నట్ల గుంటల్లో సన్నటి కొక్కెం పెట్టి దేన్నో లాగాడు. ఒక గుంటలోంచి, ఇంకో గుంటలోంచి. మా ఆయన కలం కాగితం మీద బరబరా నడుస్తోంది.

“అమ్మా, ఒక్క మాట అడుగుతాను. కోప్పడకండి.”

“కోప్పడక హారతివ్వమంటావా?”

“ఇంట్లో ఇత్తడి సామాను దేంతో తోముతారు?”

“ఇత్తడిని దేంతో తోముతారయ్యా? చింతపండూ ఉప్పూ. మీ ఇంట్లో తోమరా?”

“తోముతావండి.” అరచెయ్యి చాపాడు. అందులో నల్లగా ఎండిన పీచు, దానికి అంటుకుని చింతగింజ పెచ్చు. “ఇది నట్టు గుంటలో ఉంది. చక్రాలూ దీంతోనే తోమారా?”

ఆ పీచు మా ఇంటిదే. నేను వంగి చూసేలా అతను చక్రం పక్కన టార్చీ ఏటవాలుగా పట్టాడు. అతని గొంతులో ఇప్పుడు బతిమాలుకోవడం లేదు.

“ఇవి నా లేత్ గీతలు. వరసగా, ఒక్క తీరుగా ఉన్నాయి చూడండి. ఇవేమో వాటికి అడ్డంగా తిరిగాయి. ఇవి కొబ్బరి పీచువి. పీచూ ఉప్పురాళ్ళూ కలిసి పూతని గీరాయి. గీరిన చోటల్లా ఉప్పునీళ్ళు లోపలికి దిగాయి. ఇత్తడికి మంచిది దీనికి విషం అమ్మా. అల్యూమినియం లోపల్లోపలే తెల్లగా పూసేసింది. ఇంత వివరంగా కార్డు మీద రాసిచ్చాను కదా!”

“ఏ కార్డు?”

“బిల్లుతోపాటు ఇచ్చానండి. సార్ చేతికే.”

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన కలం ఆగింది. తల మాత్రం ఎత్తలేదు. “కార్డా? అలాంటిదేం ఇవ్వలేదు,” అన్నారు. అంటూ ఫైలు మీద ఎడం చెయ్యి పెట్టారు. బొటనవేలు అంచు మీద గట్టిగా నొక్కి ఉంది. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆ మనిషి అబద్ధం చెప్పడం నేను పెద్దగా చూడలేదు. చెప్తే వేళ్ళు ఎలా ఉంటాయో మాత్రం నాకు తెలుసు.

ఏమంటున్నాడు వీడు అని రఘువీర్ విసుక్కున్నాడు. “క్యా బోల్ రహా హై యే?”

సాలొమోను తనే హిందీలో చెప్పాడు, చక్రాలకి చింతపండు రాశారని. రఘువీర్ కనుబొమలు ఎగరేసి మా ఆయన్ని చూశాడు. మా ఆయన నవ్వారు. చిన్నగా, ఆఫీసు నవ్వు. కారు చక్రాలకి చింతపండు ఎవరు రాస్తారండీ, మేం చదువుకున్నవాళ్ళం, ఇతను సాకులు వెతుకుతున్నాడు అన్నారు. రఘువీర్ కూడా పకపకా నవ్వాడు. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు.

తరవాత మా ఆయన కాగితం కింద తన పొట్టి సంతకం గిలికి, నా వైపు తిరిగి, తెలుగులో, నెమ్మదిగా చెప్పారు. “కస్తూరీ, ఆ చింతపండు మాట ఇంక ఎత్తకు. రఘువీర్‌కి తెలుగు రాదు. బండి నీ పేరు మీద ఉంది కాబట్టి నువ్వూ ఇక్కడ సంతకం పెట్టు, పోదాం. చక్రాలు ఊరికే చేసిస్తానంటున్నాడు.”

ఆ మాట సాలొమోను ముందే అన్నారు. అతనికి తెలుగు వచ్చన్న సంగతి ఆయన మర్చిపోలేదు. అతను వింటే ఏంటన్న లెక్క, అంతే.

నిజం చెప్తాను. నేను కలం తీసుకున్నాను. సంతకం పెట్టేద్దామనే అనుకున్నాను. బ్లాకంతా చూస్తుండగా పీట వేసుక్కూర్చుని మరీ తోమాను ఆ చక్రాలు. నా చేత్తో నేనే పాడుచేసుకున్నానని ఒప్పుకుంటే ఇక జన్మలో తలెత్తుకోగలనా? సరోజినీ నగర్‌లో ఒకసారి పప్పు మాడ్చిన సంగతి మా ఆయన ఇప్పటికీ చుట్టాలకి చెప్తుంటారు. పైగా ఇంతసేపు అంతలేసి మాటలు అన్నాక ఇప్పుడు వెనక్కి తగ్గడం ఎలాగ? సిగ్గుతో చచ్చిపోతున్నాను, ఆ సిగ్గు మళ్ళీ కోపంగానే బయటికొస్తోంది. ఈ మనిషి ఎవరు నాకు చెప్పడానికి అనుకున్నాను. కాగితం మీద ‘క’ అని రాశాను.

అప్పుడు సాలొమోను మెళ్ళోంచి ఏప్రాను తీసి మేకుకి తగిలించాడు. లేత్ దగ్గరికి వెళ్ళి, ఒక మెత్తటి గుడ్డ తీసుకుని, దాన్ని తుడవడం మొదలుపెట్టాడు. ఎవరూ తుడవమనలేదు. ఇంకో గంటలో అది అతనిది కాదు. అయినా మూలమూలకీ వేలు పోనిచ్చి పొడి తీస్తున్నాడు, నూనె చుక్క వేసి మళ్ళీ తుడుస్తున్నాడు. గురువారం సాయంత్రం మా అత్తగారి కుందులు నేను అలాగే తుడుస్తాను. ఎవరైనా వాటిని లాక్కుంటానంటే వాళ్ళ చెయ్యి విరిచేస్తాను.

నేను కలం కింద పెట్టి ఫైలు లాక్కున్నాను.

“కస్తూరీ, ఏం చేస్తున్నావ్?” మా ఆయన రెండో కొస పట్టుకున్నారు. ఫరీదాబాద్ షెడ్డులో, పదిమంది పనివాళ్ళు చూస్తుండగా, అరవై దాటిన మొగుడూ పెళ్ళాలం ఒక ఫైలు కోసం గుంజులాడాం. ఆయనకి మోకాలు సరిగ్గా లేదు. గెలిచింది నేనే.

పదో పేజీ బిల్లు. పదకొండో పేజీ అట్టముక్క. నీలం బాల్‌పెన్నుతో, గుండ్రటి తెలుగులో రాసి ఉంది.

‘కస్తూరి గారికి నమస్కారం. బండి మీ పేరున ఉంది కాబట్టి మీకే రాస్తున్నాను. ముప్పై రోజులు చక్రాలకి ఉత్తి నీళ్ళు, మెత్తటి గుడ్డ. సబ్బు కూడా వద్దు. మనవాళ్ళ ఇళ్ళల్లో ఇత్తడి తోమే అలవాటు ఉంటుంది, ఆ చింతపండు, నిమ్మకాయ, ఉప్పు ఎప్పటికీ వీటికి తగలనివ్వకండి. పీచు పెట్టి రుద్దకండి. దసరాకి పసుపు రాస్తే టైరుకి రాయండి, చక్రానికి వద్దు. సాలొమోను.’

కుడి మూల మీద ఇంగ్లీషులో ‘సీన్’. కింద పొట్టి సంతకం. సెప్టెంబరు ఆరో తారీఖు. నా పేరులోని ‘క’ అక్షరం మీదుగా చిల్లు పొడిచి ఉంది.

ఆయన చదివారు. చదివి, చిల్లు పొడిచి, ఫైల్లో పెట్టుకున్నారు. ఆ తరవాత నెల రోజులపాటు బాల్కనీలో నిలబడి, నేను చింతపండుతో తోముతుంటే చూశారు. పర్వాలేదే, మెరుస్తున్నాయి అన్నారు.

నా హిందీ కూరగాయల బండి దగ్గర నేర్చుకున్నది. బేరానికీ తిట్టడానికీ తప్ప పనికిరాదు. ఆ రోజు పనికొచ్చింది.

“సునో భయ్యా!” రఘువీర్ మీదికి వెళ్ళాను. “ఇమ్లీ మైనే లగాయా. మై! హర్ గురువార్. నమక్ భీ. యే ఆద్మీ కా కోయీ గల్తీ నహీ.” చింతపండు రాసింది నేనే, ఉప్పు కూడా, ఇతని తప్పేం లేదన్నాను.

రఘువీర్ నోరు తెరిచి మా ఆయన్ని చూశాడు. మా ఆయన మళ్ళీ అదే నవ్వు నవ్వబోయారు. ఆవిడకి బీపీ ఉంది, జాలి ఎక్కువ, ఎవరైనా ఏడిస్తే తట్టుకోలేదు అన్నారు. నాకు జాలి ఎక్కువట! ముప్పై నాలుగేళ్ళలో మొదటిసారి విన్నాను ఆ మాట.

నేను కార్డు తీసి రఘువీర్ ముందు పెట్టాను. తెలుగు అతనికి రాదు, నిజమే. ఒక్కో ముక్కా వేలు పెట్టి చూపించి నాకొచ్చిన హిందీలో చెప్పాను, ఇది ఇమ్లీ, ఇది నమక్, ఇది నీంబూ. తరవాత మూల మీద సంతకం చూపించి, పక్కనే ఫిర్యాదు కాగితం కింద ఆయన అప్పుడే పెట్టిన సంతకం చూపించాను. ఆ రెండూ చదవడానికి ఏ భాషా అక్కర్లేదు. అతను ఒకటికి రెండుసార్లు చూశాడు.

“సర్‌జీ, యే తో ఆప్ కా హీ సైన్ హై.”

మా ఆయన కలం టోపీ పెట్టి జేబులో పెట్టుకున్నారు. రఘువీర్ ఫిర్యాదు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చింపేశాడు. సాలొమోనుకి సారీ చెప్పలేదు. పో, పని చూసుకో అని అరిచి మళ్ళీ ఫోన్ తీసుకున్నాడు.

సాలొమోను ఏప్రాను మళ్ళీ మెళ్ళో వేసుకున్నాడు. నేను అతని దగ్గరికి వెళ్ళాను. క్షమించు అనడం నాకు అలవాటు లేని పని, అయినా అన్నాను. చక్రాలు మళ్ళీ నీ చేత్తోనే చేసిపెట్టు, ఎంతైనా ఇస్తాను, ఇంకెప్పుడూ వాటిని ముట్టుకోను అన్నాను.

“మీ చక్రాలు నేను చెయ్యనమ్మా.”

“కోపం వచ్చిందా?”

“వచ్చిందండి. నిజం ఒప్పుకున్నారు, నా పని నిలబడింది. అది వేరే లెక్క. చక్రం పాడైతే మళ్ళీ కోసి పూత పూస్తాను. చర్చి మాటెత్తి అన్నారు చూడండి, దానికి నా దగ్గర పనిముట్టు లేదు.” లేత్ మీటకి చెయ్యి వేశాడు. “జయకుమారికి మాత్రం ఈ సంగతి నేను చెప్పను. మీరంటే దానికి గౌరవం.”

లేత్ తిరగడం మొదలైంది. ఆ చప్పుడులో ఇంక నేను ఏమన్నా అతనికి వినబడదు. నిలబడి, నిలబడి వచ్చేశాను.

ఇంటి దారి పట్టాం. కాళింది కుంజ్ వంతెన మీద ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఆయనే మొదలుపెట్టారు.

“ఆ పదకొండో పేజీ నీ దగ్గరే ఉండిపోయింది. తిరిగి పెట్టు. ఫైలు మధ్యలో ఖాళీ పడుతుంది.”

“అది ఫైలుది కాదు. నా పేరున వచ్చిన ఉత్తరం.”

“చెప్పడం మర్చిపోయాను కస్తూరీ. చూశాను, పెట్టాను. అయిపోయిందనుకున్నాను. కావాలని చేశానా?”

కావాలని చెయ్యలేదని నాకూ తెలుసు. అందుకే నాకు భయం వేసింది. కావాలని చేసే మనిషైతే ఎక్కడో ఒకచోట ఆగుతాడు. ఈయన ఇంట్లోకి వచ్చిన ప్రతి కాగితాన్నీ ఇలాగే చూశారు, ఇలాగే పెట్టారు.

ఇంటికి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా ఆయన గదిలోకి వెళ్ళి బీరువా తీశాను. వరసగా ఫైళ్ళు, వీపుల మీద సంవత్సరాలు. వంట సంగతేమిటని గుమ్మంలో నిలబడి అడిగారు. మీరే వండుకోండి అన్నాను. తొమ్మిదేళ్ళ కిందటి ఫైలు బయటికి లాగాను. నిలబడే పేజీలు తిప్పాను.

నలభై రెండో పేజీ మా అక్క కూతురి శుభలేఖ. నలభై మూడో పేజీ ఒక ఉత్తరం. శుభలేఖ లోపల మడిచి పెట్టి ఉంటుంది, విడదీసి వేరే నంబరు వేశారు. అక్క చేతిరాత ఎక్కడున్నా గుర్తుపడతాను.

‘చెల్లీ, మీ బావగారి గుండె సంగతి నీకు తెలుసుగా, ఆయన్ని వదిలి అంతదూరం రాలేను. నిన్ను బొట్టు పెట్టి పిలవకుండా ఈ పెళ్ళి ఎలా చేస్తానే? కుంకం పొట్లం పంపుతున్నాను. అద్దం ముందు నిలబడి, నేనే పెట్టాననుకుని పెట్టుకో. నువ్వు రాకపోతే పిల్ల పందిట్లోకి రానంటోంది.’

మూల మీద ‘సీన్’, పొట్టి సంతకం, తారీఖు. ఆ పేజీ, దాని ముందు పేజీ, వెనక పేజీ ఎర్రగా మరకలు పడి ఉన్నాయి. నలభై నాలుగో పేజీ కుంకం పొట్లం. దానికి కూడా చిల్లు పొడిచి, ట్యాగు కట్టారు.